33 మిల్లీసెకన్లలో గోదారి

ఆదివారం పొద్దున్నే కాఫీలయ్యాక నేనూ అమ్మా మధురపూడి రన్‌వే మీద ఉంటాం. నిజానికి ఉండేది సికింద్రాబాద్‌లో, రెండో అంతస్తు ఇంట్లో, ముందుగది మూల బల్ల దగ్గర. బల్ల మీద 27 అంగుళాల తెర, అందులో ఫ్లైట్ సిమ్యులేటర్, చేతికి జాయ్‌స్టిక్, కాళ్ళ కింద రడ్డర్ పెడల్స్. సెస్నా 172 గాల్లోకి లేచాక రాజమండ్రి వంతెనలు దాటి, ధవళేశ్వరం ఆనకట్ట మీద ఒక చుట్టు తిరిగి, ముక్కు మళ్ళీ ఎగువకి తిప్పుతాను. గంటకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు వెళ్ళే విమానం కాబట్టి పావుగంట లోపే పోలవరం, ఆ వెనకే పాపికొండలు. అమ్మది కొవ్వూరు. ఆవిడ గోదారిని రేవులోంచి చూసింది, పడవలోంచి చూసింది, రైలు కిటికీలోంచి చూసింది. పైనుంచి మాత్రం ఎప్పుడూ చూడలేదు.

మొదటి రోజు కొత్త గ్రాఫిక్స్ కార్డు తెచ్చిన సంబరంలో ప్రతి సెట్టింగూ అల్ట్రాకి తోసేశాను. కొండల మీద ఆగస్టు మేఘాలు అంచులు వెలుగుతూ కమ్ముకొస్తుంటే నాకు నోట మాట రాలేదు. అమ్మ మాత్రం కళ్ళు మూసుకుంది.

"ఆగాగి వెళ్తోందేంట్రా? నాకు తల తిరుగుతోంది."

తెర మూల అంకె చూస్తే సెకనుకు 41 ఫ్రేములు. తక్కువేమీ కాదు. సినిమా రీలు 24 ఫ్రేములతోనే నడిచేది, ఎవరికీ తల తిరిగేది కాదు. అప్పుడు తట్టింది నాకు. రీలు మీద ప్రతి బొమ్మకీ ఒకే వ్యవధి. నా తెర మీద ఒక బొమ్మ 18 మిల్లీసెకన్లకి వస్తోంది, తర్వాతది 22కి, ఇంకోటి 60కి. సగటు తీస్తే ఆ ఎగుడుదిగుళ్ళు అంకెలో కనిపించవు, కంటికి మాత్రం తెలుస్తాయి. అమ్మ కళ్ళు పట్టుకున్నది అదే.

తెర సెకనుకు 60 సార్లు కొత్తగా వెలుగుతుంది. ఫ్రేములను 30కి బిగిస్తే ప్రతి బొమ్మా సరిగ్గా రెండు వెలుగుల పాటు, అంటే 33.3 మిల్లీసెకన్లు నిలుస్తుంది. అలా బిగించాను. పదకొండు ఫ్రేములు వదులుకుంటే నది సాఫీగా కదిలింది. ఎక్కువ ఫ్రేములే మేలని నమ్మినవాణ్ణి, ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే ముందు నిలకడ చూసుకోమంటాను.

ఇక మిగిలింది ఆ 33 మిల్లీసెకన్లలో ఏం గీయించాలన్నది. దానికో నోటుపుస్తకం పెట్టాను. అదే దారి, అదే ఎత్తు, అదే మధ్యాహ్నం మూడు గంటల ఎండ, అవే మేఘాలు. ఒక్కో ప్రయాణానికి ఒక్క సెట్టింగే మార్చడం, రాసుకోవడం. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

అన్నిటికన్నా ఎక్కువ తినేవి మేఘాలే. అవి అతికించిన బొమ్మలు కావు. కంటి నుంచి బయల్దేరిన చూపు మేఘంలో అడుగడుక్కీ ఆగి, ఇక్కడ ఆవిరి ఎంత చిక్కగా ఉంది, సూర్యుడి వెలుగు ఇక్కడిదాకా ఎంత వచ్చింది అని కార్డు ప్రతి పిక్సెల్‌కీ లెక్క కడుతుంది. అల్ట్రా నుంచి హైకి దించితే ఆ అడుగులు తగ్గుతాయి. పాపికొండల మీద ముసురు పట్టినప్పుడు ఈ ఒక్క మెట్టుతో నాకు ఆరు మిల్లీసెకన్లు మిగిలాయి. రెండు మేఘాల్నీ పక్కపక్కన పెట్టి తేడా చెప్పమంటే చెప్పలేను.

రెండోది రెండర్ స్కేల్. నా తెరకి అడ్డంగా 2560, నిలువుగా 1440 చుక్కలు. స్కేలు 80 శాతం చేస్తే కార్డు గీయాల్సిన చుక్కలు 64 శాతానికి పడిపోతాయి, ఎందుకంటే కోత రెండు వైపులా పడుతుంది. పని బాగా తేలికవుతుంది. కానీ కాక్‌పిట్‌లో ఎత్తు చూపే అంకెలు అలుక్కుపోయాయి. దిగే ముందు నేను చదవాల్సినవి అవే. మళ్ళీ వందకి తెచ్చేశాను, ఇక దాని జోలికి పోలేదు. టెక్స్చర్లు కూడా ఒక మెట్టు దించాను, అది వేగం కోసం కాదు. కార్డు మీద ఉన్నది 8 జీబీ మెమరీ. అది నిండిపోతే మిగతాది కంప్యూటర్ ర్యామ్ నుంచి రావాలి, ఆ దారి ఇరుకు. అమ్మకి తల తిప్పిన 60 మిల్లీసెకన్ల బొమ్మల్లో చాలా వాటికి మూలం అక్కడే దొరికింది.

అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్ మాత్రం 16 దగ్గరే ఉంచాను. పేరు నోరు తిరగదు గానీ దీని పని ముచ్చటైనది. ఏటవాలుగా చూసే నేలను దూరం దాకా స్ఫుటంగా ఉంచుతుంది. విమానం దిగేటప్పుడు రన్‌వేని చూసేది ఏటవాలుగానే. పైగా కార్డుకి ఇది భారమే కాదు. ఫ్లైట్ సిమ్యులేటర్ 98 ఆడే రోజుల్లో మేనమామగారింట్లో షికాగో మీగ్స్ ఫీల్డ్‌లో దిగడం నేర్చుకున్నాను. అక్కడ దూరాన రన్‌వే గీతలు బూడిద చారల్లా కలిసిపోయేవి. సరస్సు ఒడ్డున్న ఆ చిన్న విమానాశ్రయాన్ని 2003 మార్చి 30 రాత్రి బుల్డోజర్లు పెట్టి తవ్వేశారు. ఎన్నడూ చూడని ఊరి రన్‌వే పోయిందని నాకు దిగులేసింది.

గోదారి మీద కుదిరిన లెక్క హైదరాబాద్ మీద కుదరలేదు. బేగంపేటలో దిగుదామని వస్తే ఫ్రేములు 24కి పడ్డాయి. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కి తరలిపోయాక ఆ రన్‌వే మీద దిగే అవకాశం నాకు ఇక్కడే. గ్రాఫిక్స్ సెట్టింగులు ఎంత దించినా అంకె కదల్లేదు. తీరా చూస్తే కార్డు సగం ఖాళీగా కూర్చుంది. లక్షల ఇళ్ళని, రోడ్ల మీది బండ్లని ఎక్కడెక్కడ నిలబెట్టాలో తేల్చేది ప్రాసెసర్. అది చెప్పేదాకా కార్డుకి గీయడానికేం ఉండదు. నేల వివరం ఎంత దూరం దాకా ఉండాలో చెప్పే మీటను 200 నుంచి 120కి లాగి, బండ్ల రద్దీ తగ్గించాకే హుస్సేన్‌సాగర్ పక్కన విమానం నిదానంగా వంపు తిరిగింది. అందుకే నా పుస్తకంలో నగరానికో పేజీ, నదికో పేజీ.

మే నెలలో ఇంకో చిక్కు. గదే 37 డిగ్రీలు. కార్డు 84కి చేరి తనంతట తానే వేగం తగ్గించుకునేది. కార్డు తాగే కరెంటుకి 80 శాతం దగ్గర హద్దు పెట్టి, మెత్తటి బ్రష్షుతో ఫ్యాన్ల దుమ్ము దులిపాను. వేడి పది డిగ్రీలు తగ్గింది. 30కి బిగించిన ఫ్రేములు అలాగే ఉన్నాయి.

మొన్న ఆదివారం అంతా కుదిరింది. అమ్మ కళ్ళు మూయలేదు. ముందుకి వంగి చూసి అంది:

"ఇది ఆగస్టంటావేంట్రా? ఇది వేసవి గోదారి. ఇసుక చూడు ఎంత మేర బయటపడిందో. ఆగస్టులో ఎర్రనీళ్ళొచ్చి ఈ తిన్నెలన్నీ మునిగిపోతాయి."

నిజమే. మేఘాలు వానాకాలానివి, కింద పరిచిన ఉపగ్రహ చిత్రం ఏ ఎండాకాలందో. అన్నేసిసార్లు అదే దారిలో ఎగిరి, మిల్లీసెకన్లు లెక్కపెట్టిన నాకు అది కనబడలేదు. ఏ మీట జరిపినా ఆ ఇసుక మునగదు.

"కొవ్వూరు వైపు తిప్పు. ఇంకాస్త కిందకి. గోష్పాద రేవు దగ్గర పెద్ద చెట్లుండాలి."

ఫ్లాపులు దించి, వేగం తగ్గించి, ఒడ్డు వెంట తీసుకెళ్ళాను. రేవు దగ్గర పొట్టి పొదలు నాలుగు కనిపించాయి. అమ్మ ఏమీ అనలేదు గానీ అటే చూస్తూ కూర్చుంది.

ఆ రాత్రి నది పేజీ తీసి, చెట్ల వరస దగ్గర మీడియం కొట్టేసి హై అని రాశాను. దానికి కావలసిన రెండు మిల్లీసెకన్లు నీడల్లోంచి తీశాను.