చేవ

చంద్రగిరి కోటలోని రాజమహలును చూడవచ్చిన వారికి అక్కడివారు తప్పక చెప్పే మాట ఒకటున్నది: మూడంతస్తుల ఆ భవనంలో కొయ్యముక్క లేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. ఆ కోటకు కూతవేటు దూరంలోనే మా తాతగారు కట్టించిన ఇల్లు ఉన్నది. దాని సొగసంతా కొయ్యలోనే. రాజమహలుకు అక్కరలేని కొయ్యను మా తాతగారు ఏరికోరి తెప్పించి ఎనిమిది టేకు కిటికీలు పెట్టించారు. వాటిని తీసివేయాలా, బాగుచేయించాలా అన్న తర్జనభర్జన నిరుటినుంచి మా అన్నదమ్ముల నడుమ సాగుతున్నది.

తమ్ముడి వాదం తోసిపుచ్చదగినది కాదు. "అన్నా, వానలొస్తే రెక్కలు పట్టేస్తాయి, ఎండలకు సందులు విడతాయి. యూపీవీసీ పెట్టిస్తే చెదలు లేవు, దుమ్ము లేదు. ఏటేటా రంగు వేయించే ఓపిక నీకుందా?" అంటాడు. ఖర్చులో సగం వాడిదే గనుక మాటలోనూ సగం వాడిదే.

అయితే మా ఇష్టమొక్కటే చాలదు. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. 1958 నాటి చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం రక్షిత ప్రదేశపు హద్దునుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మా ఇల్లు రెండవదానిలో పడుతుంది. కొత్తగా కట్టేవారికే అనుమతి కావాలని చాలామంది తలుస్తారు గాని, చట్టం మరమ్మతును కూడా పేర్కొన్నది. దరఖాస్తు పెట్టి ఎదురుచూచిన ఆ నెలలు మాకు మేలే చేశాయి. లేకుంటే తమ్ముడు సంక్రాంతికి ముందే కిటికీలు పెరికించి ఉండేవాడు.

వృత్తిరీత్యా తెలుగు పండితుణ్ణి గనుక నా ఆలోచన మొదట మాటల మీదికే పోయింది. గవాక్షమంటే గోవు కన్ను. వాతాయనమంటే గాలి వచ్చే దారి. ఇంగ్లీషువారి విండో అన్న మాటకు మూలం ప్రాచీన నార్సు భాషలో ఉన్నదట. దాని అర్థం గాలికన్ను! మనం రెండు మాటలలో చెప్పినదానిని వారు ఒక్కమాటలో ఇమిడ్చారు. మా ఇంటి కిటికీలకు ఈ రెండు ధర్మాలూ ఉన్నాయి. ఒక్కొక్కదానికి నాలుగు రెక్కలు: పైన రెండు, కింద రెండు. కిందివి మూసి పైవి తెరిస్తే వీధిలో పోయేవారికి ఇల్లు కనబడదు, ఇంటికి గాలీ వెలుతురూ తగ్గవు. మా అమ్మ ఎన్నో వేసవి మధ్యాహ్నాలు ఆ కింది రెక్కల చాటున చాప పరచుకొని నిద్రించింది. నిలువెత్తు అద్దం పెడితే ఆ చాటు ఉండదు. చాటు కోసం తెర వేస్తే గాలి ఉండదు.

చివరకు ఆచారిని పిలిపించాము. ఆయన కిటికీని చూడలేదు, పొడిచాడు. ఉలి మొనతో అడుగునుంచి పైకి పొడుచుకుంటూ పోయాడు. అడుగుచట్రంలో ఉలి మెత్తగా దిగింది. జానెడు పైకి పోగానే ఖంగుమన్నది. "అయివారూ, కర్ర చావలేదు, కాళ్ళు మాత్రమే చచ్చినాయి. వాననీళ్ళు నిలిచే చోటు అదే గదా!" అన్నాడు.

చెట్టు మానులో పైపొర దగ్గరి తెల్లకర్ర త్వరగా చెదలపాలవుతుంది. లోపలి ముదురుభాగం చేవ. టేకు చేవకు చెదలను అడ్డుకొనే గుణం సహజంగానే ఉన్నది. తొందరపడి కోసిన లేతచెట్టులో చేవ తక్కువ. కాబట్టి పాతదానిని పారవేసి ఈనాటి లేతకర్ర కొనడం లాభం అనిపించుకోదు. చేవగల మనిషి, చేవచచ్చిన బ్రతుకు అని తరగతిలో ఎన్నిమార్లు చెప్పానో! ఆ మాట పుట్టిన చోటును వేలితో తాకినది మాత్రం ఆనాడే.

మరొక సంగతి కూడా ఆయనే చూపించాడు. ఆ చట్రాలకు జిగురు లేదు. కుసిని బెజ్జంలో దూర్చి చెక్కచీల కొట్టారు. చీల ఊడదీస్తే చెడిన ముక్క ఒక్కటే బయటికి వస్తుంది. తమ్ముడు మెచ్చిన కిటికీల చట్రాలు మూలలు కరిగించి అతికినవి. ఒక మూల చెడితే చట్రమంతా మార్చవలసిందే. చేసినవాడు పాడవుతుందని ముందే ఎరిగి, బాగుచేసేవానికి దారి విడిచిపెట్టడం ఎంత మర్యాద! గుడి విషయంలో ఈ మర్యాదకు జీర్ణోద్ధారణమని పేరు పెట్టుకున్నాము. ఇంటికి ఆ మాట ఎందుకు వాడుకోమో!

అనుమతి వచ్చింది. వీధివైపు ఐదు కిటికీలకు అడుగుచట్రాలు మార్చి, అవిసెనూనె పట్టించాము. నీరు నిలవకుండా గూటి అడుగును బయటికి వాలుగా గచ్చు చేయించాము. తమ్ముడి వాటాకు వచ్చిన పడమటి గది కిటికీలు మూడింటి సంగతి ఇంకా తేలలేదు. వాడు అద్దాలే కావాలంటున్నాడు, నేను ఒత్తిడి చేయడం లేదు.

నా దిగులు వేరొకటి. ఆచారి కొడుకులిద్దరూ శ్రీసిటీలో ఫ్యాక్టరీ ఉద్యోగాలలో ఉన్నారు. తండ్రి ఉలి పట్టలేదు. వారిని తప్పుపట్టను; నా కొడుకూ తెలుగు పండితుడు కాలేదు గదా! కొత్తగా వేసిన ముక్కలు మరి ముప్పయ్యేండ్లు నిలుస్తాయని ఆచారి అన్నాడు. పని ముగిసిన సాయంత్రం ఒక చీలను సగం బయటికి లాగి, మళ్ళీ ఎలా దిగగొట్టాలో మా మనుమడికి చూపించి వెళ్ళాడు.