శస్త్రహత చతుర్దశి



హాస్యం ధర్మవిరోధి కాదు. భరతముని నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు విధాలుగా విభజించి, స్మితహసితాలు ఉత్తములకు, విహసితోపహసితాలు మధ్యములకు, అపహసితాతిహసితాలు అధములకు అని నిర్ణయించాడు. దశరూపకాలలో ప్రహసనానికి స్థానమున్నది. పల్లవరాజు మహేంద్రవర్మ ఏడవ శతాబ్దిలో మత్తవిలాసమనే ప్రహసనాన్ని స్వయంగా రచించి, కాపాలికులను, బౌద్ధభిక్షువులను ఒకే రంగస్థలం మీద నవ్వులపాలు చేశాడు. అంత దూరం పోనేల? వీరేశలింగం పంతులుగారి ప్రహసనాలలోనూ, గురజాడవారి కన్యాశుల్కంలోనూ దెబ్బ తిన్నవారు మా వంటి వైదికులే. నేను కన్యాశుల్కాన్ని రెండు పర్యాయాలు చదివాను, రెండు పర్యాయాలూ నవ్వాను. మాలో అటువంటివారు లేరని చెప్పగల ధైర్యం నాకు లేదు. కావున, వ్యంగ్యమనేది ఉండరాదని కోరే పక్షంలో నేను లేనని పాఠకమహాశయులు ముందుగా గ్రహించగలరు.

ఇక విషయం. శార్వరి నామ సంవత్సరం, జ్యేష్ఠ కృష్ణపక్షం. 2020 జూన్ 15వ తేదీ రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో భారతసైనికులు 20 మంది వీరస్వర్గమలంకరించారు. తుపాకులు పేలలేదు. రాళ్ళతో, ఇనుపకడ్డీలతో, మేకులు దిగవేసిన కర్రలతో ఆ పోరు సాగింది. బిహార్ రెజిమెంటు 16వ బెటాలియన్ అధిపతి కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు వారిలో ఒకరు. సూర్యాపేట బిడ్డ, కోరుకొండ సైనిక పాఠశాల విద్యార్థి. జూన్ 17వ తేదీన ఆయన పార్థివదేహం హకీంపేట వైమానిక స్థావరానికి చేరింది. హకీంపేట మా జీడిమెట్లకు సమీపమే. ఇటు దుండిగల్ అకాడమీ శిక్షణవిమానాలు, అటు హకీంపేట విమానాలు మా ఆలయశిఖరం మీదుగా తిరుగుతూనే ఉంటాయి. అభిషేకసమయంలో రుద్రపారాయణ స్వరం ఒక్కొక్కప్పుడు ఆ ధ్వనిలో మునిగిపోతుంది. ఆ రోజులలో లాక్‌డౌను తరువాత ఆలయద్వారాలు తెరిచి పది దినములైనా కాలేదు. భక్తులు అల్పసంఖ్యాకులు. ఆకాశంలో ధ్వని వినబడిన ప్రతిసారీ ఉన్న నలుగురూ తలయెత్తి చూసేవారు.

మరునాడు సూర్యాపేట సమీపంలోని కేసారంలో సైనికలాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. తండ్రి చేతుల మీదుగా జరిగాయి. ముప్పది సంవత్సరాలకు పైగా అపరకర్మల మంత్రాలు కూడా చెప్పిస్తున్నవాణ్ణి గనుక ఈ ఒక్క అంశం దగ్గర నేను ఆగవలసి ఉన్నది. శాస్త్రం ఏర్పరచిన క్రమంలో పుత్రుడు పితకు కర్త. మంత్రాలన్నీ ఆ దిశలోనే ప్రవహిస్తాయి. పిత పుత్రునికి కర్త అయినప్పుడు విధి ఉన్నది, నిషేధం లేదు. కాని చెప్పించేవాని కంఠం సహకరించదు. ఒకే కుమారుని కోల్పోయిన దుఃఖమూ, దేశం కోసం ప్రాణమిచ్చాడన్న గర్వమూ రెండూ ఉన్నాయని ఆ తల్లి ఆనాడు అన్న మాట తెలుగునాట అందరూ విన్నారు. 2021 నవంబరు 23న రాష్ట్రపతి చేతుల మీదుగా మహావీరచక్రాన్ని స్వీకరించినది ఆ తల్లీ, ఆయన ధర్మపత్నీ.

సరిగ్గా ఏడాది తిరిగేసరికి, శుభకృత్ సంవత్సరంలో కార్తీకం ముగిసి మార్గశిరం ప్రవేశించే దినములలో, ఉత్తర సైనిక కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ ఉపేంద్ర ద్వివేది ఒక ప్రకటన చేశారు. ప్రభుత్వం ఆజ్ఞాపిస్తే పాక్ ఆక్రమిత కశ్మీరం విషయంలో ఎటువంటి ఆదేశాన్నైనా నిర్వర్తించడానికి సైన్యం సిద్ధమన్నది దాని సారాంశం. హిందీ చలనచిత్రనటి రిచా చద్దా ఆ వార్తను ఉటంకిస్తూ, గల్వాన్ మీకు హాయ్ చెబుతోందన్న అర్థంలో మూడే మూడు పదాలు ట్విట్టర్‌లో వ్రాశారు.

ఆమె గురి ఎవరి మీద? నా బుద్ధికి తోచినంతలో సేనాధిపతి ప్రకటన మీద, దాని వెనుక ఉన్న రాజకీయ గర్జన మీద. ఆ గురి అనుచితమని నేననను. రాజును, సేనానిని ప్రశ్నించే విదూషకుడు మన నాటకాలలో ఆదినుండి ఉన్నాడు. అయితే అయోధ్యాకాండలో దశరథుడు సరయూతీరంలో చీకటిలో విడిచిన శబ్దవేధిబాణాన్ని స్మరించండి. గజమనుకొన్నాడు, తగిలినది కుండ నింపుకొంటున్న మునికుమారునికి. శబ్దాన్ని మాత్రమే ఆధారం చేసుకొని విడిచిన బాణానికి దోషమేమిటంటే, లక్ష్యం మధ్యలో ఎవరున్నారో విలుకానికి కనబడదు. గల్వాన్ అనే శబ్దం ఆ నటికి ఒక పరాజయానికి సంకేతం, చమత్కారానికి అనువైన పదం. సూర్యాపేటలో ఒక ఇంట అదే శబ్దం చితాగ్ని. మృతుడు ప్రత్యుత్తరమీయలేడు. ప్రత్యుత్తరమీయగల సేనాపతిని విడిచి, ఈయలేని ఇరువదిమందిని సామగ్రిగా వాడుకోవడమే ఆ మూడు పదాలలోని అధర్మం.

దేశమంతటా ఆగ్రహం చెలరేగింది. అక్షయ్ కుమార్ బాధను వ్యక్తం చేశారు. తెలుగు నటులలో నిఖిల్ సిద్ధార్థ, మంచు విష్ణు ఆమె వ్యాఖ్యను ఖండించారు. ప్రకాశ్ రాజ్ మాత్రం ఆమె పక్షాన నిలిచి అక్షయ్ కుమార్‌ను ఆక్షేపించారు. ఆమె నవంబరు 24న ఆ వ్యాఖ్యను తొలగించి క్షమాపణ చెప్పారు. తన మాతామహుడు సైన్యంలో పనిచేసినవారేనని, యుద్ధంలో తూటాదెబ్బ తిన్నారని విన్నవించుకొన్నారు. దశరథుడు కూడా కుండ నింపుకొని ఆ అంధవృద్ధుల ఎదుటికి స్వయంగా వెళ్ళి తన కృత్యాన్ని తానే చెప్పాడు. వాల్మీకి ఆ అంశాన్ని దాచలేదు, తక్కువ చేయలేదు. మన వీధులలో మాత్రం క్షమాపణ తరువాతనే గొంతులు మరింత పెరిగాయి.

ఆ వారంలోనే ఒక సాయంకాలం పదిపన్నెండుమంది యువకులు ఆలయానికి వచ్చారు. కొందరు పారిశ్రామికవాడ కర్మాగారాలలో పనివారు, ఇద్దరు ముగ్గురు మాదాపూర్ కంపెనీలలో ఉద్యోగులు. అందరూ నాకు పరిచితులే. శివరాత్రి జాగరణలో బారికేడ్లు మోసినవారే.

"అయ్యగారూ, ఆమె పేరు మీద శత్రుసంహార హోమం చెయ్యాలె. ఖర్చంతా మేం పెట్టుకుంటం" అన్నారు.

"శత్రువెవరు నాయనా?" అని అడిగాను.

"గట్లంటరేంది అయ్యగారూ, మన జవాన్లను నవ్వులపాలు చేసినామె శత్రువు గాదా?"

వేదంలో శ్యేనయాగమున్నది. శత్రువధను కోరేవానికి విహితం. వేదవిహితమే గదా, ధర్మమే గదా అన్న ప్రశ్న మీమాంసాశాస్త్ర ప్రారంభంలోనే పుట్టింది. జైమిని ధర్మలక్షణసూత్రంలో అర్థమనే పదాన్ని ఉంచినది ఇటువంటివాటిని తప్పించడానికేనని శబరస్వామి భాష్యం. ఉపాయం వేదంలో ఉన్నంత మాత్రాన ఫలం ధర్మమైపోదు. హింస ఫలమైన కర్మ అనర్థమే. గురుకులంలో ఈ అధికరణం చదివేటప్పుడు, ఈ కాలంలో శ్యేనమెవరు చేస్తారని మాలో మేము నవ్వుకొన్నాము. కలియుగంలో జీడిమెట్లలో దానికి యజమానులు లభిస్తారని అప్పుడు ఎవరూహించగలరు!

ఈ చర్చంతా వారికి చెప్పలేదు. ఒకటే అడిగాను. "ఇరువదిమందిలో ఎంతమంది పేర్లు మీకు తెలుసు?"

సంతోష్ బాబుగారి పేరు అందరూ చెప్పారు. రెండవ పేరు రాలేదు. ఒకరిద్దరు ఫోను తీశారు. "ఫోను వద్దు" అన్నాను. మౌనం. ఆ మౌనంలో వారిని అవమానించాలన్న కోరిక నాకు లేదు. తమిళనాడు హవల్దారు పళని, ఒడిశాకు చెందిన నాయబ్ సుబేదారు నుదురామ్ సోరెన్, పంజాబుకు చెందిన సిపాయి గుర్తేజ్ సింగ్, బెంగాలుకు చెందిన రాజేశ్ ఓరాంగ్, ఝార్ఖండుకు చెందిన గణేశ్ హాంస్‌దా, ఇట్లు నాకు తెలిసినంతవరకు చెప్పాను. హోమం చేయనన్నాను. పేర్లు వ్రాసి తెండి, తిథి వచ్చినప్పుడు ఉదకమిద్దామన్నాను. నిరుత్సాహంతో వెళ్ళిపోయారు.

పర్యవసానం లేకపోలేదు. అర్చకునికి దేశభక్తి లేదన్న మాట వీధిలో పుట్టింది. ధనుర్మాస ప్రసాదాలకు బియ్యం ఇస్తానన్న ఒక దాత ఆ సంవత్సరం ఇవ్వలేదు. ఆలయపెద్దలలో ఒకరు నన్ను పిలిచి, "హోమమనక, సైనికుల క్షేమం కోసమని పేరు మార్చి చేయరాదా?" అని సూచించారు. సంకల్పంలో ఒకటి పలికి మనస్సులో మరొకటి పెట్టుకొనే క్రతువు నాకు చేతకాదని మనవి చేశాను.

ఇక్కడ ఒక సందేహం పాఠకులకు కలుగవచ్చు. అవమానాన్ని చూస్తూ ఊరకుండుమని అర్చకుడు చెబుతున్నాడా? లేదు. శల్యపర్వంలో తొడలు విరిగి పడిన దుర్యోధనుని శిరస్సును భీముడు ఎడమకాలితో తన్నినప్పుడు వారించినవాడు ధర్మరాజు. పడినవాడు రాజు, జ్ఞాతి, కాలితో తాకరాదని మందలించాడు. పడినవాడు ఎటువంటివాడో ధర్మరాజుకంటె ఎరిగినవారెవరు? శత్రువు విషయంలోనే ఇంత నియమమున్నప్పుడు మనకోసం పడినవారి విషయం వేరుగా చెప్పనక్కరలేదు. మందలించాలి. కాని మందలించిన ధర్మరాజు తరువాత ఏం చేశాడన్నది స్త్రీపర్వంలో ఉన్నది. విదురసంజయధౌమ్యాదులను నియోగించి, ఇరుపక్షాలలో దిక్కులేక పడి ఉన్న మృతులందరికీ దహనసంస్కారాలు చేయించాడు. గంగకు వెళ్ళి ఉదకమిచ్చాడు. మన ఆగ్రహంలో మొదటి భాగం ఉన్నది, రెండవది లేదు.

సరిహద్దుకు ఆవల జరిగినది కూడా చెప్పాలి. తమ సైనికులు నలుగురు మృతిచెందారని చైనా 2021 ఫిబ్రవరిలో ప్రకటించింది. లక్షలాది అనుయాయులున్న చియు జిమింగ్ అనే వ్యాఖ్యాత ఆ లెక్కను శంకిస్తూ, మృతులను చులకన చేస్తూ వ్రాశాడు. అతనిని నిర్బంధించారు. అమరవీరుల ప్రతిష్ఠకు భంగం కలిగించడాన్ని నేరంగా చేర్చిన నూతన చట్టం క్రింద నాన్‌జింగ్ న్యాయస్థానం ఆ సంవత్సరం మే నెలలో 8 నెలల కారాగారశిక్ష విధించింది. మన దేశంలోనూ అటువంటి చట్టం రావాలని మిత్రులు కొందరంటారు. నా అభిప్రాయం భిన్నం. శ్రద్ధతో చేసేది గనుక శ్రాద్ధమన్నారు. దండభయంతో తలవంచినవాని హృదయంలో మృతునికి దక్కేదేమిటి? పైగా ఆ చట్టం మృతుల సంఖ్యను అడిగినవానిని, మృతులను హేళన చేసినవానిని ఒకే గాటన కట్టివేసింది. అడగడం హేళన కాదు. నా కుమారుడు ఎట్లా మరణించాడని అడిగే అధికారం తల్లికి ఎప్పుడూ ఉంటుంది.

మన శాస్త్రం మృతవీరునికి ఏర్పరచిన గౌరవం దండనలో లేదు, తిథిలో ఉన్నది. రణరంగంలో శస్త్రహతుడైనవానికి యజ్ఞఫలం తత్క్షణమే సిద్ధిస్తుందని, ఆశౌచం కూడా సద్యః తొలగుతుందని మనువు చెప్పాడు. సూర్యమండలాన్ని భేదించి వెళ్ళే ఇరువురిలో ఒకడు యోగి, మరొకడు యుద్ధంలో వెన్నుచూపక మరణించినవాడని పరాశరస్మృతి. సంతానం లేని భీష్మునికి మాఘ శుక్లాష్టమినాడు అందరూ, తండ్రి జీవించి ఉన్నవారు సైతం, ఉదకమిస్తారు. ఇక మహాలయపక్షంలో చతుర్దశి ప్రత్యేకంగా శస్త్రహతులది. సహజమరణం పొందినవారికి ఆ తిథిని విడిచిపెట్టారు. రాళ్ళతో, కర్రలతో కలిగిన మరణం శస్త్రమరణమవుతుందా అని ఒక సంశయాళువు నన్ను అడిగాడు. చేతబట్టి ప్రహరించినదేదైనా శస్త్రమే.

2023లో ఆ చతుర్దశి అక్టోబరు 13న వచ్చింది. ఆ యువకులలో ఇద్దరు ముందురోజు కాగితంతో వచ్చారు. ఇరువది పేర్లు, ఊళ్ళతో సహా, చక్కని దస్తూరితో. తక్కినవారి ప్రస్తావన నేను తేలేదు. ఫాక్స్ సాగర్ ఒడ్డున చేద్దామని వారి ఉత్సాహం. ఆ చెరువు నీటిలోకి ఏమేమి చేరుతున్నాయో ఎరిగిన నేను అది ఆచమనయోగ్యం కాదన్నాను. ఆలయప్రాంగణంలో పితృకార్యం కూడదు గనుక మా ఇంటి పెరటిలో బావి దగ్గర ఏర్పాటు చేశాను.

ఇద్దరికీ తండ్రులు జీవించే ఉన్నారు. కావున తర్పణాధికారం లేదు. నీళ్ళు తోడడం, నువ్వులు, దర్భలు అందించడం వారి పని అయినది. ఒక కర్మాగారం గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేసే విశ్రాంత సైనికుడు ఒకరు, అరువదేళ్ళవారు, విషయం విని తనంతట తాను వచ్చారు. నేను, ఆయన కర్తలము. కారుణ్యపితరులకు చెప్పే క్రమంలో పేరుపేరునా తిలోదకం. గోత్రం తెలియనివారికి కాశ్యపగోత్రమన్నది సంప్రదాయం. సిక్కులకు, సంతాల్ బిడ్డలకు ఈ తంత్రం వర్తిస్తుందా అని ఇద్దరిలో చిన్నవాడు అడిగాడు. తర్పణంలో దేవమనుష్యులకే కాక సమస్తభూతజాతానికీ ఉదకమున్నదని చెప్పాను. చాలునన్నాడు.

గుర్బిందర్ అనే పేరును నేను తప్పుగా పలికాను. విశ్రాంతసైనికుడు సరిచేశారు. ఇరువదవ పేరు అయిన తరువాత ఆయన లేవలేదు. దోసిలి అట్లే ఉంచుకొని, "పంతులుగారూ, మావాడొకడున్నాడు. కార్గిల్ పోయిండు, రాలే. వాని ఇంటిపేరు గూడ నాకు సరిగ్గ తెల్వదు. పిలిచే పేరుంది, అది సరిపోతదా?" అని అడిగారు.

సరిపోతుందన్నాను. చిన్నవాడు మరల చెంబు ముంచాడు.