చేతులు చూడు
మా పాప పొద్దున జిమ్నాస్టిక్స్‌కి, సాయంత్రం కూచిపూడికి పోతది. నిన్న పటాన్‌చెరులో షిఫ్ట్ దిగి ఇంటికొచ్చేసరికి వరండాలో రెండూ కలిపి చేస్తున్నది. దూకి నిలబడ్డప్పుడు చేతులు చెవుల పక్కన నిటారుగా, వేళ్ళ కొసల దాకా బిగువు. మరుక్షణమే మోకాళ్ళు పక్కలకు వంచి అరమండి, మోచేతులు భుజాల ఎత్తున, పతాక హస్తం. బ్యాలేలోనూ మోకాళ్ళు పక్కలకే తిరుగుతయి గానీ చేతులు గుండ్రంగా, మోచెయ్యి కోణమే కనబడనంత మెత్తగా ఉంటయి. జిమ్నాస్ట్‌కు ఆ బిగువు అందం కోసమే కాదు. వాల్ట్ బల్లను చేతులతో తోసేటప్పుడు మోచేతులు వంగితే ఎత్తు పోతది.

2018 మెల్‌బోర్న్ ప్రపంచకప్ వాల్ట్‌లో కాంస్యం గెలిచిన మన హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి వీడియో పెట్టిన. పాప నాలుగుసార్లు వెనక్కి తిప్పించింది. "నాన్నా, చేతులు చూడు!"