తేదీ పెట్టుకున్న తనిఖీ

డిస్కు తనిఖీ అంటే అందరూ విసుక్కునే కాలం ఒకటుండేది. లినక్సు కంప్యూటరును ఓ ఇరవై ముప్పై సార్లు తెరిచాక, లేదా 180 రోజులు గడిచాక, అది మనల్ని పని చేసుకోనీయకుండా తన డిస్కును తానే పరీక్షించుకునేది. టీ తాగి వచ్చినా శాతం అంకెలు ఇంకా కదులుతూనే ఉండేవి. 2011 నవంబరులో వెలువడిన ఈ2ఎఫ్ఎస్‌ప్రాగ్స్ 1.42తో ఆ ఆనవాయితీ పోయింది. కొత్తగా తయారయ్యే ఎక్స్‌టీ4 విభాగాలకు, మనం కోరితే తప్ప, గడువు తనిఖీ లేదు.

కారణం జర్నల్. అది ఒక చిట్టా. డిస్కు అమరికలో మార్పు చేసేముందు ఆ సంగతి అందులో రాసి పెడతారు. మధ్యలో కరెంటు పోయినా, మళ్ళీ తెరిచినప్పుడు చిట్టా చూసి క్షణాల్లో సర్దుకుంటుంది. అయితే చిట్టాకు తెలిసేది అర్ధాంతరంగా ఆగిన పని మాత్రమే. డిస్కు ముసలిదై, తీగ వదులై, మెమరీ చెడి మెల్లగా పాకే తప్పులు దానికి కనబడవు.

మా యారాడ తీరంలో ఈ సంగతి ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషిద్ధం. చేపల సంతానవృద్ధికోసం పెట్టిన నియమమది. ఆ విరామంలోనే పడవలకు మరమ్మతులూ జరుగుతాయి. నీరు కారేదాకా ఆగి చూద్దామనుకునేవాడు సముద్రం మీద ఎక్కువకాలం నిలవడు.

మా ఇంటి కంప్యూటరులో పద్నాలుగు దస్త్రాలున్నాయి. మా నాయనమ్మ పాడగా నేను పట్టి ఉంచిన దంపుళ్ళ పాటలు, ఊయల పాటలు. ఆమె ఇప్పుడు లేదు. వాటికోసమే ట్యూన్2ఎఫ్ఎస్ ఆదేశంతో ఆరునెలల గడువు పెట్టాను. గడువు క్రిందటి తనిఖీనుంచి లెక్క కనుక మొదటిది సెప్టెంబరులో చేయించాను. తరువాతది మార్చిలో పడింది. హుద్‌హుద్ ఈ తీరాన్ని దాటింది 2014 అక్టోబరు 12న. తుఫానుల ఋతువుకు ముందే డిస్కు సంగతి తేలిపోవాలని నా ఆలోచన.

మీరూ పెట్టుకోదలిస్తే రెండు మాటలు. ఎఫ్ఎస్‌ట్యాబ్ దస్త్రంలో ఆ విభాగపు వరుస చివరి అంకె సున్నా అయితే, ఎంత గడువు పెట్టినా ఫలితం లేదు. మూలవిభాగానికి 1, తక్కినవాటికి 2 ఉండాలి. పైగా తనిఖీ జరిగేది కంప్యూటరు తెరుచుకునే వేళనే. నెలల తరబడి ఆపని యంత్రానికి గడువు దాటినా పట్టదు.

తనిఖీలో పేరు తెగిపోయిన దస్త్రాలు దొరికితే లాస్ట్‌+ఫౌండ్ అనే సంచయంలో చేరతాయి. అక్కడ వాటికి పేరుండదు, అంకె మాత్రమే. అలా మిగిలిన గొంతును విని పోల్చుకోగలవాడిని మా ఇంట నేనొక్కడినే.

ఇంకో పరిమితి కూడా ఉంది. తనిఖీ అరలు, పేర్లు, లెక్కలు సరిచూస్తుందే గాని అరలోని పాట చెడిందేమో వినదు. అందుకని ఆ రెండు నెలల్లోనే మరో డిస్కుకు నకలు తీసి, పద్నాలుగు పాటలూ వరుసగా వింటాను. పిల్లలు పక్కన కూర్చుంటారు. మొన్న మార్చిలో మా చిన్నది రెండో పాట నడుమ తానూ గొంతు కలిపింది.