పెదవే పట్టుకొమ్మ

కిలిమంజారో పర్వతం నుండి దిగివచ్చే నీటిని తనలో కలుపుకొని టాంజానియాలో ప్రవహించే నది పంగాని. ఆ పరీవాహక ప్రాంతంలో నీరు రాళ్ళమీదుగా నురగలెత్తి ఉరికే చోట్ల వేలెడంత చేప ఒకటి నిశ్చలంగా నిలిచి ఉంటుంది. ఎదురీదడంలో కాదు దాని నేర్పు. వలయాకారంలో విస్తరించిన పెదవులను రాతికి అదిమిపెట్టి, ప్రవాహాన్ని తన వీపుమీదుగా సాగిపోనిస్తుంది.

1868లో జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ పీటర్స్ దీనికి ‘కైలోగ్లానిస్ డెకెనీ’ అని నామకరణం చేశాడు. రెండవ పదం, 1865లో సోమాలీ ప్రాంతంలో హతుడైన అన్వేషకుడు ఫాన్ డెర్ డెకెన్‌ను స్మరింపజేస్తుంది. మొదటిది గ్రీకు సమాసం; ‘పెదవి’, ‘జెల్ల’ అనే అర్థాలుగల రెండు పదాల కలయిక. చేప స్వభావమంతా ఆ సమాసంలోనే ఇమిడి ఉంది. శాస్త్రనామాలన్నీ ఇంత సార్థకాలు కావు! ఈ ప్రజాతిలో నేడు యాభైకి పైగా జాతులు ఉన్నాయి. వాటిలో అధికభాగం పది సెంటీమీటర్లకు మించి పెరగవు.

అంగళ్ళలో మాత్రం ఆ సార్థకనామం వినిపించదు. నోటితో అద్దానికి అతుక్కొనే ప్రతి చేపా అక్కడ ‘సక్కర్ చేప’యే. ఆ పేరు మోసేది సాధారణంగా దక్షిణ అమెరికాకు చెందిన ప్లెకో. పెంచలేక వదిలివేసినవారి పుణ్యమా అని అది తెలుగునాట చెరువులకూ చేరి, జాలరుల వలలు చింపుతున్నది. రెండింటి నోళ్ళూ ఒకే తీరుగా కనిపించినా వాటి మధ్య దగ్గరి బంధుత్వం లేదు. వేరువేరు ఖండాలలోని ఏరులు వేరువేరు వంశాలకు ఒకే విద్యను నేర్పాయి.

చేప అద్దానికి అతుక్కొన్నప్పుడు బయటినుండి పరిశీలిస్తే భేదం తెలుస్తుంది. ప్లెకో దేహాన్ని ఎముక పలకలు కవచంలా కప్పి ఉంటాయి. ఆఫ్రికా చేపకు కవచం లేదు, పొలుసులూ లేవు, నున్నని చర్మమే. పెదవుల అంచున పొట్టి మీసాలు, కింది దవడపై గుత్తిగా అమరిన సన్నని పళ్ళు కనిపిస్తాయి. ఇక అది ఏ జాతిదో తేల్చడం కష్టసాధ్యం. పళ్ళ సంఖ్య, మీసాల పొడవు, మగచేప తోక ఆకృతి గమనించాలి. పట్టిన నది పేరు తెలియకపోతే నిపుణులు సైతం సందేహిస్తారు.

పేరు పొరబడితే చేప ప్రాణానికే ముప్పు. వలలు చింపే ప్లెకో అవసరమైతే నీటిపైకి వచ్చి గాలి మింగి బ్రతకగలదు. ఉరికే నీటికి అలవాటుపడిన చిన్నచేపకు ఆ వెసులుబాటు లేదు. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది: లీటరులో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల వద్ద దాదాపు 7.5 మాత్రమే. కాబట్టి మన వేసవిలో ఈ చేపను పెంచడం మాటలు కాదు. తొట్టి లోతుకన్నా పొడవు ముఖ్యం. నున్నని గుండ్రాళ్ళు పేర్చి, వాటిమీదుగా నీరు వడిగా పారేటట్లు పంపు అమర్చాలి. కరెంటు పోయినప్పటికి బ్యాటరీతో నడిచే గాలిపంపు సిద్ధంగా ఉండాలి. పొలుసులు లేని చర్మం మందులకు త్వరగా దెబ్బతింటుంది గనుక వాటిని కొలతతప్పి వాడరాదు.

పాచి ఒక్కటే దీని ఆహారం కాదు. రాళ్ళపై అంటుకొన్న చిన్న పురుగులనూ గీకి తింటుంది. దీపం ఆర్పిన తరువాత, రాళ్ళ సందులలోకి దిగేటట్లు ఆహారం వేయాలి. పగలు వేస్తే తక్కిన చేపలు మిగల్చవు.