కిరాయి ఎవరిది?

'కిరాయి సైనికుడు' అన్న మాట పేపర్లో చూసినప్పుడల్లా నాకో సందేహం. కిరాయికి పోయినవాడికి మన భాషలో చెడ్డపేరుంది. కిరాయికి పెట్టుకున్నవాడికి లేదు. అతను కాంట్రాక్టరు, సెక్యూరిటీ కంపెనీ, ఒక్కోసారి ఏకంగా ప్రభుత్వం.

2024 మార్చిలో హైదరాబాద్ యువకుడొకరు ఉక్రెయిన్ యుద్ధంలో చనిపోయాడు. రష్యాలో హెల్పర్ పని అని చెప్పి ఏజెంట్లు తీసుకెళ్లారని ఇంట్లోవాళ్లు మొత్తుకున్నారు. నారాయణపేట కుర్రాడొకరు, కలబురగి వాళ్లు ముగ్గురు ఆ సెప్టెంబరులో ప్రాణాలతో తిరిగొచ్చారు. మా మొగుడంపల్లి కర్ణాటక సరిహద్దు మండలం. కలబురగి మాకు దూరపు వార్త కాదు.

ఆ రోజుల్లోనే మా వాడకట్టు చిన్నమ్మ ఒక కాగితం పట్టుకొచ్చింది. కొడుక్కి పరదేశంలో గార్డు పనట. "గిండ్ల ఏం రాసిండ్రో సదువు బిడ్డా" అంది. ఇంగ్లీషులో రెండు పేజీలు. జీతం అంకె పెద్దది. ఏ ఊళ్లో పని, ఎవరి కింద, ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్పాలి, ఏదీ లేదు. ఏజెంటు కోసం పుస్తెలతాడు కుదువపెట్టడానికి ఆమె సిద్ధంగా ఉంది. కాసేపు ఊరుకుని, "తుపాకి పట్టిస్తరా? ఆడ ఎవలన్న సస్తే పాపం ఎవలిది?" అనడిగింది.

నేను చదివిన చట్టం ఈ ప్రశ్న అడగదు. 1977 నాటి జెనీవా అదనపు ప్రోటోకాల్ 47వ అధికరణ పోరాడేవాడు సొంత లాభం కోసం వచ్చాడా అని చూస్తుంది. యుద్ధం చేస్తున్న ఏదో ఒక పక్షం సైన్యంలో చేరినట్టు సంతకం పెడితే అతను కిరాయివాడే కాడు. 1989 ఐక్యరాజ్యసమితి ఒప్పందం నియమించేవాళ్లను కూడా నేరస్తులంది కానీ అమెరికా, రష్యా, మన దేశం అందులో చేరలేదు. 2007 సెప్టెంబరు 16న బాగ్దాద్ నిసూర్ కూడలిలో బ్లాక్‌వాటర్ గార్డుల కాల్పుల్లో 17 మంది పౌరులు చనిపోయారు. శిక్షపడిన నలుగురికి 2020 డిసెంబరులో ట్రంప్ క్షమాభిక్ష పెట్టాడు. బోస్నియాలో అమ్ముడుపోయిన ఆడపిల్లల గురించి, అందులో తన సహోద్యోగుల పాత్ర గురించి నోరు విప్పిన కాథ్రిన్ బోల్కోవాక్‌ను డిన్‌కార్ప్ కంపెనీ ఉద్యోగంలోంచి తీసేసింది. 2002లో బ్రిటిష్ ట్రిబ్యునల్ ఆమె పక్షాన తీర్పిచ్చింది.

నైజాం గడ్డకు ఇది కొత్తా? పంతొమ్మిదో శతాబ్దంలో దర్బారు అరబ్బు సిపాయిలకు జీతాలు బాకీపడితే, వాళ్ల జమేదార్లు తాలూకాల శిస్తునే తాకట్టుపట్టారు. యుద్ధం ఎవరిదైనా కిరాయి కట్టింది రైతే. (హైదరాబాద్ బార్కస్ పేరు ఆ బ్యారక్స్ నుంచే వచ్చింది.)

పాపంలో కొడుకు వాటా లేదని చిన్నమ్మతో అనలేదు. మొదటి వాటా మాత్రం ఆ రెండు పేజీలు రాయించినవాడిదన్నాను. కాగితం వెనక తెలుగులో ప్రశ్నలు రాసిచ్చాను: ఆయుధం ఉంటుందా, బీమా ఎవరు కడతారు, మధ్యలో మానేసి రావచ్చా, శవం ఎవరు పంపుతారు. ఆమె వాటిని ఏజెంటు ముందు పెట్టింది. ఇవన్నీ ఎవరు నేర్పారని అడిగి వెళ్లినవాడు మళ్లీ రాలేదు.

కొడుకు నాతో మాట్లాడడం మానేశాడు. ఆటో కిస్తీలు మూడు నెలలవి కట్టాలట.