అమ్మ ముట్టుకోని పన్ను

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు చూశాను. పొద్దున్నే అమ్మ మొహం కడుక్కుని వెళ్లాక వాష్‌బేసిన్ దగ్గరికెళ్తే, తెల్లటి అంచు మీద లేత గులాబీ రంగు మరక. నీళ్లు కొట్టేసింది కానీ పూర్తిగా పోలేదు.

"అమ్మా, నోట్లోంచి రక్తం వస్తోందా?"

"ఏం లేదే. బ్రష్ గట్టిగా తగిలుంటుంది. నువ్వు ముందు కాఫీ తాగు."

మా అమ్మ "ఏం లేదే" అందంటే ఏదో ఉన్నట్టే. నాన్నని అడిగితే పేపర్‌లోంచి తల ఎత్తకుండానే, "రెండు మూడు నెలల నుంచి వస్తోందమ్మా. నేను వేలు పెట్టి కదిపి చూశాలే. స్తంభంలా ఉంది. కదిలితే కదా భయం" అన్నారు.

అది కింది దవడలో కుడివైపు పన్ను. పన్ను అనకూడదేమో, ఇంప్లాంట్. అసలు పన్ను రూట్ కెనాల్ చేయించినా నిలవక విరిగిపోతే తీసేశారు. మూడేళ్ల కిందట అమ్మని తణుకు నుంచి హైదరాబాద్ తీసుకొచ్చి ఇంప్లాంట్ పెట్టించాను. ఉద్యోగంలో నా మొదటి బోనస్ మొత్తం దానికే అయింది. "ఈ వయసులో నాకు కొత్త పన్నెందుకే, ఎడమవైపు నములుతాలే" అని అమ్మ చివరిదాకా గొణుగుతూనే ఉంది. బిల్లు కట్టి బయటికొస్తూ నేను పెద్ద తెలిసినదానిలా ఒక మాటన్నాను. "టైటానియం అమ్మా. దీనికి పుచ్చు పట్టదు. ఇంక నిశ్చింత."

మొదటి ముక్క నిజమే, లోహానికి పుచ్చు పట్టదు. ఆ నిశ్చింత మాత్రం నా సొంత పైత్యం.

పండగ వెళ్లాక అమ్మని రాజమండ్రిలో ఒక చిగుళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ముందు ఎక్స్‌రే తీస్తారనుకున్నా. ఆవిడ లైటు దగ్గరికి లాక్కుని చాలాసేపు ఊరికే చూశారు. చిగురు రంగు, వాపు. వేలితో మెల్లగా నొక్కి చీము వస్తుందేమో చూశారు. రాలేదు. తర్వాత ఒక సన్నటి పరికరం తీశారు. దాన్ని ప్రోబ్ అంటారట. మొన మొద్దుగా ఉంటుంది, ఒంటి మీద మిల్లీమీటర్ల గీతలుంటాయి. చెప్పాలంటే మన జామెట్రీ బాక్స్‌లో స్కేలుకి సూది రూపం.

దాన్ని చిగురుకీ పంటికీ మధ్య దించి ఎంత లోతుకి వెళ్తుందో చూస్తారు. పంటి చుట్టూ 6 చోట్ల. ఇంప్లాంట్ దగ్గర చెయ్యి చాలా తేలిగ్గా ఉండాలట, పాతిక గ్రాముల బరువు ఆనించినంతే. డాక్టర్ అంకెలు చెబుతుంటే అసిస్టెంట్ రాసుకుంది. "మూడు, మూడు, నాలుగు. నాలుగు, ఐదు, నాలుగు." ప్రోబ్ బయటికి తీశాక ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. ఆగి చూశారు. అరనిమిషం కూడా కాలేదు, వెనకవైపు చిగురు అంచు వెంట ఎర్రటి గీత పాకింది.

"చుక్క కనిపిస్తే నా చెయ్యి గుచ్చుకుందేమో అనుకోవచ్చు. గీతలా వస్తే మాత్రం లోపల వాపు ఉన్నట్టే" అన్నారు.

నేను ఆ ఐదు మీదే ఆగిపోయాను. మామూలు పంటికి 3 లోపు ఉంటే బాగున్నట్టని ఎక్కడో చదివాను. ఆవిడ నవ్వి, ఇంప్లాంట్ దగ్గర ఒక్క అంకె చూసి తీర్పు చెప్పడానికి లేదన్నారు. మొదట్లోనే అక్కడ చిగురు మందంగా ఉండి ఉంటే ఐదు కూడా మామూలే కావచ్చు. మొదట మూడు ఉండి ఇప్పుడు ఐదైతే ఆలోచించాలి. "క్యాప్ పెట్టినప్పుడు రాసిన కొలతలు ఉన్నాయా?" అనడిగారు.

లేవు. రోజూ ఆఫీసులో "పాత లాగ్ ఏది, బేస్‌లైన్ ఏది" అని జూనియర్ల ప్రాణం తీసే నేను, అమ్మ విషయంలో ఒక్క కాగితం అడగలేదు.

ఇంతలో డాక్టర్ మామూలుగా అడిగినట్టే అడిగారు. "అమ్మా, ఈ పన్ను దగ్గర బ్రష్ ఎలా చేస్తారు?"

అమ్మ నా వైపు చూసింది. తర్వాత ఆవిడ వైపు తిరిగి చిన్నగా చెప్పింది. "చెయ్యనండి. మొదట్లో చేసేదాన్ని. ఒకరోజు రక్తం కనిపించింది. పిల్ల అంత డబ్బు పోసి పెట్టించింది కదా, కదిలి ఊడిపోతుందేమోనని అటువైపు ముట్టుకోవడం మానేశాను. ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నా."

ఆ గదిలో నేను ఎటు చూడాలో తెలియక గోడ మీది దవడ బొమ్మని చూస్తూ కూర్చున్నాను.

డాక్టర్ అమ్మని ఏమీ అనలేదు. ఇలా చాలామంది చేస్తారట. రక్తం వస్తోందని తోమడం మానేస్తే పాచి పేరుకుంటుంది, పాచికి చిగురు ఇంకా వాస్తుంది, ఇంకా రక్తం వస్తుంది, ఇంకా భయం. అమ్మకి అర్థమయ్యేలా ఆవిడ చెప్పిన పోలిక మాత్రం మర్చిపోలేను. సొంత పంటి వేరులోకి చిగురు పోగులు దిగి పట్టుకుని ఉంటాయి, పిన్ను పెట్టిన పమిటలాగా. ఇంప్లాంట్‌కి ఆ పోగులు పక్కనుంచి చుట్టుకుని ఉంటాయంతే. పిన్ను లేని పమిట. పాచి లోపలికి దిగితే అడ్డుకునే బలం తక్కువ. పైగా సొంత వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి పొర ఉంటుంది, పంటి మీద పడే ఒత్తిడి తెలిసేది దానివల్లే. ఇంప్లాంట్ నేరుగా ఎముకకే అతుక్కుంటుంది. ఆ పొర ఉండదు. అందుకే లోపల ఎముక కరుగుతున్నా చాలాసార్లు నొప్పి తెలియదు. నాన్న వేలి పరీక్ష కూడా అక్కడే తేలిపోయింది. ఇంప్లాంట్ కదిలిందంటే దాదాపు అంతా అయిపోయినట్టే, లేకపోతే పైన క్యాప్ స్క్రూ వదులై ఉండాలి. కదలడం లేదంటే బాగున్నట్టు కాదు.

కొత్త ఎక్స్‌రే తీశారు. కానీ దేంతో పోల్చాలి? అప్పటికప్పుడు హైదరాబాద్ క్లినిక్‌కి ఫోన్ చేశాను. "సాఫ్ట్‌వేర్ మారింది మేడమ్, మూడేళ్ల కిందటివి ఇందులోకి రాలేదు." సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌కి ఆ సమాధానం వినడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

పాత ఎక్స్‌రే లేకపోతే ఏమవుతుందో డాక్టర్ చెప్పారు. 2017లో అమెరికా, యూరప్ చిగుళ్ల నిపుణులు కలిసి కూర్చుని ఇంప్లాంట్ జబ్బులకి నిర్వచనాలు రాశారు, 2018లో అచ్చయ్యాయి. చిగురు వరకే వాపు ఉంటే ఒక పేరు, ఎముక కూడా కరుగుతుంటే ఇంకో పేరు. మొదటిది శుభ్రం చేస్తే వెనక్కి తగ్గుతుంది. రెండోదాంట్లో పోయిన ఎముక దానంతటదే తిరిగి రాదు. పాత రికార్డు ఉంటే చిన్న తేడా కూడా పట్టుకోవచ్చు. లేకపోతే రక్తంతోపాటు 6 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో లోతు, ఎముక 3 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో కిందికి జారి ఉండటం చూసి తేల్చాలి. అంటే కాగితం పోగొట్టుకున్నందుకు, ఎముక 3 మిల్లీమీటర్లు పోయేదాకా గట్టిగా ఏమీ చెప్పలేని పరిస్థితి.

అప్పుడు అమ్మ అంది, "మీ నాన్న ఫొటో తీశారు కదే."

ఫ్యామిలీ గ్రూపులో వెతకడం మొదలుపెట్టాను. గులాబీ పూల గుడ్ మార్నింగ్‌లు, మా పిన్ని కూతురి శ్రీమంతం, ఎవరిదో గృహప్రవేశం, అరటికాయ బజ్జీలు. అన్నీ దాటుకుంటూ మూడేళ్లు వెనక్కి వెళ్తే దొరికింది. క్లినిక్‌లో కంప్యూటర్ స్క్రీన్‌కి నాన్న కొంచెం వంకరగా తీసిన ఫొటో. క్యాప్ పెట్టిన రోజుది. కింద ఆయన రాసిన మాట, "మీ అమ్మకి మేకు దిగింది."

స్క్రీన్‌కి తీసిన ఫొటో కొలతకి పనికిరాదనుకున్నాను. కానీ ఇంప్లాంట్ అంటే మరచుట్లున్న స్క్రూయే కదా. ఆ చుట్ల మధ్య దూరం మారదు. అదే స్కేలు. డాక్టర్ నా ఫోన్‌లో జూమ్ చేసి చుట్లు లెక్కపెట్టారు. అప్పుడు ఎముక మొదటి చుట్టు దగ్గరుంది. ఇప్పుడు ముందువైపు అక్కడే ఉంది, వెనకవైపు రెండో చుట్టు దాకా వచ్చింది. అంటే మిల్లీమీటర్ కూడా ఉండదు. క్యాప్ పెట్టిన మొదటి ఏడాదిలో ఎముక కొంచెం సర్దుకోవడం మామూలేనట. "నాకు చిగురు వాపులాగే కనిపిస్తోంది. కానీ వదిలెయ్యను. 3 నెలల్లో మళ్లీ కొలుద్దాం" అన్నారు.

ఆ రోజే శుభ్రం చేశారు. మామూలు స్టీల్ పరికరంతో గోకితే టైటానియం మీద గీతలు పడతాయని వేరే మొనలు వాడారు. క్యాప్ అతికించిన సిమెంట్ ముక్క చిగురు కింద మిగిలిపోయినా ఇలాగే వాస్తుందట. వెతికారు కానీ దొరకలేదు. షుగర్ రిపోర్ట్ అడిగారు. అమ్మ దాని గురించి కూడా "ఏం లేదే" అనే అంటుంది, కానీ మూడు నెలల సగటు 8 దాటింది. షుగర్ అలా ఉంటే చిగుళ్లు త్వరగా మానవు, ముందు అది చూసుకోమన్నారు.

చివర్లో పళ్ల మధ్య దూర్చే చిన్న బ్రష్ ఇచ్చి అద్దంలో చూపించారు. తీగకి ప్లాస్టిక్ పూత ఉన్నదే కొనాలట. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సీసాలు కడిగే బ్రష్‌కి పిల్లలా ఉంది" అంది. మొదటి వారం రక్తం వస్తుంది, ఆపొద్దని డాక్టర్ రెండుసార్లు చెప్పారు.

తిరిగొచ్చేటప్పుడు రాత్రి బస్సులో నిద్రపట్టక ఈ ఇంప్లాంట్ ఎక్కడ పుట్టిందో చదివాను. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టర్ 1950ల్లో కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం పరికరం తర్వాత బయటికి రాలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో గోస్టా లార్సన్ అనే ఆయనకి మొదటిసారి పళ్లు పెట్టారు. 2006లో చనిపోయేదాకా అవి ఆయన నోట్లో పనిచేస్తూనే ఉన్నాయి. 40 ఏళ్లు! అమ్మకి మూడేళ్లకే నేను చేతులు దులుపుకున్నాను.

మీ ఇంట్లో ఎవరికైనా ఇంప్లాంట్ ఉంటే ఇవాళే క్లినిక్‌కి ఫోన్ చేసి క్యాప్ పెట్టిన రోజు ఎక్స్‌రే, చిగురు కొలతలు, ఇంప్లాంట్ కంపెనీ పేరు, సైజు తెప్పించుకోండి. రేపు స్క్రూ వదులైనా ఆ పేరూ సైజూ లేకుండా విప్పడం కష్టం. సాఫ్ట్‌వేర్లు మారుతుంటాయి, ఆ సంగతి నాకు తెలుసు.

మొదటి వారం రోజూ రాత్రి ఫోన్ చేసి అడిగేదాన్ని. "వచ్చింది. అయినా తోమాను" అనేది. పదో రోజు అడగకముందే, "ఇవాళ రాలేదే" అంది.

ఏప్రిల్‌లో మళ్లీ కొలిచినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. మీటింగ్ మధ్యలో ఫోన్ వణికింది. ఫ్యామిలీ గ్రూపులో అమ్మ పెట్టిన ఫొటో, డాక్టర్ కాగితం. 3, 3, 3, 3, 4, 3. ఒక్క చోట చుక్క రక్తం. దాని వెనకే ఎక్స్‌రే, ఈసారి తిన్నగా తీసింది. కింద మెసేజ్: "దాచిపెట్టు. మీ నాన్న ఫొటోలు వంకర."